రెండో దెబ్బ

మా మేనమామ ఎడమ కన్ను పోయిన ఉదయం, ఏమీ కాదని ఆయనకు ధైర్యం చెప్పింది నేనే.

అప్పటికి విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. గాజు నారను రెసిన్‌తో పొరలు పొరలుగా అతికించి చేసిన పలకల మీదికి గాలి తుపాకీతో గుండ్లు పేల్చేవాళ్లం. ఎంత వేగం దాకా పలక తట్టుకుంటుందో, ఎక్కడ చిల్లు పడుతుందో కంప్యూటర్‌లో ముందే తేల్చడం నా పని. వజ్రపుకొత్తూరు తీరంలో మావాళ్లు చేపల వేటకు వెళ్లే ఫైబర్ తెప్పలూ ఆ సరుకుతో చేసినవే. మామ తన పాత తెప్పను ముక్కలు చేస్తుంటే కొన్ని పలకలు తెచ్చుకున్నాను. తుపానులో ఎగిరొచ్చే కొబ్బరికాయను ఆ పలక ఆపుతుందని నా లెక్క చెప్పింది. అంతే బరువున్న గుండుతో కొట్టి చూస్తే నిజంగానే ఆపింది. పొంగిపోయాను.

తుపాను వచ్చిన రోజు సెలవు మీద మా ఊళ్లోనే ఉన్నాను. అందరినీ బడి భవనంలోకి చేర్చారు. మామ రాలేదు. తెల్లారాక వెతుక్కుంటూ వెళ్తే, కొత్త తెప్పను బోర్లించి సరుగుడు చెట్ల మొదళ్లకు కడుతున్నాడు.

"మావా, ఒచ్చీ! గాలి సూడు!" అని అరిచాను.

"తెప్ప పోతే నానేటి సెయ్యాల? నువ్వెల్లిపో!"

అంతలో నా వెనక కొబ్బరిచెట్టు విరిగి దారికడ్డంగా పడింది. దాని మీద ఇంకొకటి. వేరే దారి లేక ఇద్దరం తెప్ప కిందికి దూరాం. బయట ఇళ్ల రేకులు చీలుతూ ఇసుకలో దొర్లుతున్నాయి. ఎక్కడో ఒక ఆవు ఆగకుండా అరిచి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఒలే, ఇది ఆగుతాదా?" అన్నాడు మామ.

"ఏటీ కాదు మావా. నాను కొట్టి సూసినాను."

మొదటి కాయ బాంబు పేలినట్టు తగిలింది. చిల్లు పడలేదు. నేను నవ్వాను కూడా. అప్పుడు చూశాను. మామ తల పక్కన, తెప్ప లోపలి గోడ మీద చేటంత మచ్చ తెల్లగా పాలిపోయి ఉంది. లోపలి పొరలు ఒకదాన్నుంచి ఒకటి ఊడిపోయాయి. ఆ మచ్చ నాకు బాగా తెలుసు. ప్రయోగశాలలో అలాంటి పలకను తీసి పక్కన పడేసి, ‘ఆపింది’ అని రాసుకుని, కొత్తది బిగించేవాళ్లం. దెబ్బతిన్న పలకను ఎన్నడూ మళ్లీ కొట్టలేదు.

"మావా, జరుగు!" అనేలోపే రెండో దెబ్బ తగిలింది. కాయంతే ఉన్న విరిగిన కొబ్బరి మొద్దు ముక్క, ఆ మచ్చ దగ్గరే గోడను చీల్చుకుని లోపలికి వచ్చింది. గాజు నార పెళ్లలు కత్తుల్లా లేచాయి. మామ ముఖం పట్టుకుని ముందుకు పడ్డాడు. ఆయన వేళ్ల సందుల్లోంచి కారిన రక్తం నా ఒళ్లో వెచ్చగా పడింది. నా చున్నీ కుక్కి అదిమిపట్టాను. ఆ చిల్లులోంచి ఇసుక మా ఇద్దరినీ గాలి ఆగేదాకా కొట్టింది.

చెట్లు నరుక్కుంటూ పలాస ఆసుపత్రికి చేర్చేసరికి సాయంత్రమైంది. కన్ను నిలవలేదు.

"నీ నెక్క తప్పేటే?" అని మంచం మీంచి అడిగాడు.

"ఒక్క దెబ్బకే కట్టినాను మావా."

"తుపానంటే ఒక్క దెబ్బేటి?"

కోపం లేకుండా అన్నాడు. అదే భరించలేకపోయాను. ప్రయోగశాలకు తిరిగి వెళ్లి, మిగిలిన పలకలన్నిటినీ రెండేసి, మూడేసి సార్లు కొట్టాను. రెండో దెబ్బకు చాలా తక్కువ వేగానికే చిల్లు పడింది. లోపలి పొరలు ఊడిపోవడాన్ని లెక్కలోకి తెచ్చేసరికి ఏడాది పట్టింది.

తర్వాత నేను ఊరొచ్చినప్పుడు, చిల్లు పూడ్చిన తెప్పతో మామ మళ్లీ వేటకు వెళ్లబోయాడు; నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఒంటికంటికి అల దూరం అందలేదు. తెప్ప ఎగిరి ఆయన మీదే పడింది. ప్రాణాలతో ఒడ్డుకు వచ్చి, ఇసుకలో కూర్చుని, సముద్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీ సదువు తగలెయ్య! ఏటీ కాదన్నావు కదే!"

అన్నాళ్లకు ఆ మాట అన్నాడు. ఆయన గొంతు పోయేదాకా నిలబడి విన్నాను.