ఉడకని అన్నం

మిలటరీలో పనిచేసి రిటైరై వచ్చిన మా బాబాయి, ఏ విందులో కూర్చున్నా ముందు ఒక మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. వడ్డించేవాళ్లకు ఒళ్లు మండేది. "ఉడికిందండీ బాబూ, తినండి!" అనేవారు.

మా తమ్ముడు సైన్యంలో చేరతానని పట్టుబట్టినప్పుడు, మాన్పించమని అమ్మ ఆయన్ని భోజనానికి పిలిచింది. మా ఇంట్లోనూ మెతుకు నలిపాడు. ఆయనతో పని ఉంది కనుక అమ్మ క్షమించింది.

"మీరెందుకు చేరారు బాబాయ్?" అన్నాడు తమ్ముడు.

"వంగి నాట్లెయ్యలేకరా. కార్గిల్ కొండెక్కించారు. ఆ ఎత్తులో నీళ్లు మరుగుతాయి గానీ అన్నం ఉడకదు. సామర్లకోట కుర్రాడొకడు, మన గోదావరి బియ్యం ఎక్కడైనా ఉడుకుద్దని పందెం కట్టి పొయ్యి మీద పెట్టాడు. ఈలోగా పైకి రమ్మని వాడికి పిలుపొచ్చింది. గిన్నె చూస్తుండమని నాకు చెప్పి వెళ్లాడు."

"తర్వాత?"

"అన్నం ఉడకలేదు. వాడూ రాలేదు."

అమ్మ కోరిన భయం దొరికింది, కాస్త ఎక్కువే దొరికింది. తమ్ముడి కంచంలో అడక్కుండానే ఇంకో గరిటె అన్నం వేసింది.

"అయినా చేరతాను బాబాయ్," అన్నాడు తమ్ముడు.

అమ్మ బాబాయి వైపు చూసింది. "ఉన్నది చెప్పానండి వదినా," అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు కాలవగట్టు మీద పరుగెడుతున్నాడు. వెనకాలే సైకిలు తొక్కుతూ బాబాయి అరుస్తున్నాడు: "అంతా ఇప్పుడే ఖర్చుపెట్టకురా! తిరిగి రావడానికి కూడా ఊపిరి ఉంచుకో!"