గూడూరు బస్సులో ఎదుర్కోలు

మస్కట్ బతుకు ముగించుకుని, భార్యాపిల్లలతో మహబూబాబాద్‌లో గూడూరు బస్సెక్కాను. సామాన్ల బరువు, ఇంటి అద్దె, పిల్లల బడి అన్నీ ముందే లెక్కేసుకున్నాను. మేమక్కడుండగానే తల్లిని పోగొట్టుకున్న నా భార్య మాత్రం విమానం దిగినప్పటి నుంచి నోరు విప్పలేదు.

పక్కసీటులోని లంబాడా అవ్వ ఆమెను అడిగింది. "అమ్మగారింటికా బిడ్డా?"

"అమ్మ లేదవ్వా. కడసూపుకు గూడ రాలేకపోయిన."

అవ్వ ఆమె మెడ చుట్టూ చేతులేసి, తమ భాషలో రాగం తీసి ఏడ్వసాగింది. నేను బిత్తరపోయాను.

"పరేషాన్ గాకు నాయినా. శానేండ్లకొచ్చిన ఆడబిడ్డను మా తండాల గిట్లనే ఎదుర్కుంటం" అంది అవ్వ, ఏడుపు మధ్యలోనే.

నా భార్య ఆ భుజం మీద వాలి బోరుమంది. ఇంతమందిమి వస్తున్నాం, ఎదుర్కునే మనిషి కావాలన్నది నా లెక్కలోకే రాలేదు.

"అవ్వా, నీ తండా ఎనకనే పోయింది!" అని కండక్టర్ అరిచాడు.

"పోనియ్యి. బిడ్డ ఏడుపు ఇంక ఒడువలే" అంది అవ్వ.