మా దొంగ కోసం పెట్టిన అర్జీ

ఆ రోజుల్లో మార్కాపురంలో ఏ కష్టమొచ్చినా అర్జీ పెట్టేవాళ్ళం. బోరు ఎండితే అర్జీ, బస్సు ఆగకపోతే అర్జీ, పింఛను రాకపోతే అర్జీ. పని అయ్యేదా అని మాత్రం అడగొద్దు. అర్జీ పెట్టినాక మనసు కుదుటపడేది, అంతే. (మా తాలూకాను కర్నూలు జిల్లాలోంచి తీసి ప్రకాశంలో కలిపి అప్పటికే పాతికేళ్ళు దాటినా, మా నాయన మాత్రం "మనం కర్నూలోళ్ళం" అనే అనేవాడు. "మమ్మల్ని ఎవురడిగినారు?" అని ఆయన కోపం.) అట్లాంటి ఊళ్ళో పెరిగినోణ్ణి కాబట్టే, ఇరవై ఏళ్ళ వయసులో నేను సముద్రాల అవతల ఉన్న ఒక ఆట పుస్తకాల కంపెనీకి అర్జీ పెట్టినాను. పెట్టి, రెండు నెలలు అన్నం సయించక చచ్చినాను.

ముందు ఆ ఆట గురించి చెప్పాల. ఒకడు కథ చెప్తాడు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. ఒకడు యోధుడు, ఒకడు మాంత్రికుడు, ఇట్ల. నేను కోట గోడ ఎక్కుతానంటే, ఎక్కినానా కింద పడినానా అనేది పాచిక తేల్చాల. ఇరవై ముఖాల పాచికలు మాకు యాడ దొరుకుతాయి? టీపొడి డబ్బాలో ఇరవై చీటీలు వేసి గిలకొట్టి తీసేవాళ్ళం. ఎవరి బలమెంత, ఎవరికే విద్య ఎంత వచ్చు అనేది పలకల మీద బలపంతో రాసుకునేవాళ్ళం. (మా ఊళ్ళో పలకలకు కరువా? అంచు విరిగినవి పలకల ఫ్యాక్టరీలో ఊరికే ఇచ్చేవాళ్ళు.) కథ చెప్పేది మా జతగాడు, భాయ్ అని పిలిచేవాళ్ళం. పాత బస్టాండు కాడ వాళ్ళకు జిరాక్సు, బైండింగు దుకాణం ఉండేది. బెంగుళూరులో చదివే వాళ్ళ మామకొడుకు సెలవలకు తెచ్చిన పుస్తకాన్ని, అతను తిరిగి పోయేలోపల ఆరు కాపీలు తీసి, తలా ఒకటి చేతిలో పెట్టినాడు. మొదటి రెండు పేజీల్లో కథ లేదు, అన్నీ సన్నక్షరాలు, దండగని అవి మాత్రం తీయలేదు.

ఆటలో నేను దొంగను. మామూలు దొంగను కాదు, మూడేళ్ళు ఆదివారం ఆదివారం కష్టపడి పైకొచ్చిన దొంగను. నేను తెరవలేని తాళం లేదు. బయట మాత్రం మా నాయన కిరాణా దుకాణంలో బెల్లం ముక్క నోట్లో వేసుకోవాలన్నా నాలుగు పక్కలా చూసేవాణ్ణి. అందుకే ఆ దొంగంటే నాకు ప్రాణం.

ఒక ఆదివారం పోయేసరికి భాయ్ ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. "రేయ్ శెట్టీ, ఖతం," అన్నాడు. మామకొడుకు జాబు రాసినాడంట. కంపెనీవాళ్ళు కొత్త పుస్తకం తెస్తాండారు, రూల్సన్నీ మార్చినారు, పాతది ఇంక అచ్చు వేయరు. అన్నిటికన్నా ఘోరం, దొంగకు తాళాలు తీసే విద్య సగానికి కోసేసినారు.

"ఏంది, సగమా? ఎందుకంట?"

"దొంగ మరీ బలంగా ఉన్నాడంట."

"మూడేళ్ళు పెంచినోణ్ణి, నన్నొక మాట అడగొద్దా? ఆడేది వాళ్ళా, మనమా?"

"కొత్తవి ఒకటి కాదురా, మూడు పుస్తకాలు కొనాలంట," అన్నాడు మా మాంత్రికుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మరుసటి రోజు పొద్దున్నే అర్జీల తాత దగ్గరికి పోయినాను.

తాత మండలాఫీసు గేటు ముందర స్టూలేసుకుని కూర్చునేవాడు. కలెక్టరు దాకా పోయే ఇంగ్లీషు అర్జీ రాయాలంటే మా పక్క ఆయనే. నా గోడంతా విని, దొంగ నిజం దొంగా ఆటలో దొంగా అని రెండుసార్లు అడిగి, కలం తీసినాడు. "జిల్లానే మార్చినారు నాయనా, మమ్మల్ని అడిగినారా? అయినా అర్జీ పెట్టినాం. పెట్టడం మన ధర్మం," అని మొదలుపెట్టినాడు. వర్షాభావ, కరువు పీడిత మెట్టప్రాంతానికి చెందిన ఆరుగురు నిరుపేద ఆటగాళ్ళం, తమరు దయతలచి మా దొంగకు పాత అధికారాలు ఇప్పించవలెనని రాసినాడు. చదువుతుంటే నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. "ఆధారాలు యాడ?" అన్నాడు తర్వాత. "ఆధారం లేని అర్జీ చిత్తుకాయితం. పుస్తకంలో పేజీలు జిరాక్సు తీసి జతచేయి. గెజిటెడ్ సంతకం పెట్టించు. కింద ఏదో ఒక ముద్ర కొట్టు."

గెజిటెడ్ అంటే మాకు పశువుల డాక్టరే. ఆస్పత్రిలో గేదెకు సూదేసి చేతులు కడుక్కుంటున్నాడు. "ఒరిజినల్ ఏదిరా?" అన్నాడు. నా జిరాక్సు పుస్తకం చూపించినాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, రెక్కలున్న మొసలి లాంటి బొమ్మ దగ్గర ఆగినాడు. "ఇదేం జంతువు?" "నిప్పులు కక్కుతుంది సార్." "మా ఆస్పత్రికి తోలుకురావాకు," అని ఆకుపచ్చ ఇంకుతో ప్రతి పేజీ మీద 'నిజప్రతి' అని రాసి సంతకం పెట్టినాడు. ముద్ర ఒకటి మిగిలింది. నాయన మధ్యాహ్నం భోజనానికి పోయినప్పుడు, గల్లాపెట్టె పక్కనున్న దుకాణం ముద్ర తీసి, 'కిరాణా అండ్ జనరల్ మర్చంట్స్, మార్కాపురం' అని అన్ని కాయితాల మీదా ఠపాఠపా కొట్టి, రిజిస్టర్ పోస్టు చేసినాను. ఆ సాయంత్రం నాకు ఎంత గర్వమో!

ఆ గర్వం పది రోజులు నిలిచింది. మామకొడుకు ఊరికొచ్చినాడు. అర్జీ సంగతి చెప్తే నవ్వుతాడనుకుంటే, కూర్చున్నోడు లేచి నిలబడినాడు. "పేజీలు జిరాక్సు తీసి వాళ్ళకే పంపినారా? మొదటి పేజీలో ఏముందో చదివినారా?" మేం దండగని వదిలేసిన సన్నక్షరాల్లో ఉందంట: అనుమతి లేకుండా ఈ పుస్తకం కాపీ తీస్తే నేరం, కోర్టుకు ఈడుస్తాం అని. నేను దొంగతనం చేసి, చేసినానని నేనే రాసి, దానికి సర్కారు డాక్టరుతో నిజమని సంతకం పెట్టించి, మా నాయన ముద్ర కొట్టి పంపినాను. భాయ్ మెల్లగా అన్నాడు, "శెట్టీ, నోటీసు నీకు రాదురా. మీ నాయనకొస్తుంది."

ఇంక చూడండి నా అవస్థ! మా నాయన తండ్రి పెట్టిన దుకాణం అది. పుల్లలచెరువు నుంచి వచ్చే ముసలమ్మ కూడా బేరమాడకుండా కొనుక్కునే దుకాణం. నాయన జీవితంలో ఒక్కసారి కూడా కోర్టు మెట్లెక్కలేదు, అదే గొప్పగా చెప్పుకునేవాడు. ఇప్పుడు కొడుకు పుణ్యమా అని, రెక్కల మొసలి కేసులో ఎక్కాల. పోస్టుమాను సైకిలు బెల్లు వినపడితే చాలు, నేను బియ్యం బస్తాల వెనక్కి పోయేవాణ్ణి. దుకాణం ముందర జీపు ఆగితే వెనక వాకిలి గొళ్ళెం తీసి పెట్టుకునేవాణ్ణి. (శ్రీశైలం పోయేవాళ్ళు దోర్నాల దారి అడగడానికి ఆగేవాళ్ళు, పాపం.) చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. నాయన ముఖం చూడగానే తక్కెడ తుడుస్తూ నిలబడేవాణ్ణి. "ఏందిరా, ఇట్ల చిక్కిపోతాండావు?" అని ఆయనే మజ్జిగ కలిపిచ్చేవాడు. ఆయన అటు తిరగంగానే ఆ మజ్జిగ దుకాణం వెనకాల పారబోసేవాణ్ణి.

రెండు నెలలకు వచ్చింది. లావుపాటి కవరు, విదేశీ స్టాంపులు, పైన మా దుకాణం పేరు. నాయనే సంతకం పెట్టి తీసుకున్నాడు. చింపి, నా చేతికిచ్చి, "చదువు," అన్నాడు. అక్షరాలు ఎగురుతున్నాయి నా కళ్ళకు. 'ప్రియమైన దుకాణదారుకు, మా ఆటల మీద మీరు చూపిన ఆసక్తికి సంతోషం. మా కొత్త పుస్తకాలను మీ దుకాణంలో అమ్మదలిస్తే ఈ ఫారం నింపి పంపండి.' ఒక రంగుల పోస్టరు కూడా పెట్టినారు. అంతే! ముద్ర ఒక్కటే చూసినారు వాళ్ళు. నా దొంగా కనపడలేదు, నా దొంగతనమూ కనపడలేదు. బతికినానురా దేవుడా అని ఒక పక్క, అర్జీల తాత రాసిన అంత మంచి అర్జీని ఒక్కడూ చదవలేదే అని ఇంకో పక్క, నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే మొదటి నుంచి అంతా చెప్పేసినాను.

నాయన పూర్తిగా విన్నాడు. "వాళ్ళు మార్చుకుంటే మార్చుకోనీ. కిలోలొచ్చి ఎన్నేళ్ళయింది? ముసలమ్మ మానికెడు జొన్నలడిగితే నేను మానికెతో కొలిచి పోయట్లా? మీ ఆట మీరు పాతలెక్కన ఆడుకోండి, కంపెనోడు మార్కాపురమొచ్చి చూస్తాడా?" అన్నాడు. తర్వాత పొట్లం కడుతూ, తల ఎత్తకుండా, "ముద్ర కొట్టుకుంటే కొట్టుకున్నావు, ఇంకు ప్యాడుకు మూత పెట్టాల్నా వద్దా? ఆ పొద్దే చూసినా. ఎండిపోయింది," అన్నాడు.

"ఆ పొద్దే చూసినావా? మరి అడగలేదేం నాయనా?"

"నువ్వే చెప్తావని చూస్తాండా."

ఆ ఆదివారం ఇదంతా చెప్తే భాయ్ పడీపడీ నవ్వినాడు. నవ్వి నవ్వి, నా పలక లాక్కుని, తాళాలు తీసే విద్య కాడ ఉన్న అంకెను బొటనవేలితో తుడిచి, దాంట్లో సగం రాసినాడు. "ప్యాడుకు మూత పెట్టడం రానోడికి ఇదే ఎక్కువ," అన్నాడు. కంపెనీ కోసిన కోతే అది, సరిగ్గా సగం. నేను పలక తీసుకుని చీటీల డబ్బా గిలకొట్టినాను.

ఆ తర్వాత ఆ కంపెనీవాళ్ళు ఇంకా ఎన్నిసార్లు రూల్సు మార్చినారో. మార్చినప్పుడల్లా ఎక్కడెక్కడి పిల్లలో ఫోన్లలో తిట్టుకుంటుంటే చదువుతాను, వాళ్ళ బాధ నాకు తెలుసు. మేం మాత్రం, నా దొంగ తాళాల లెక్క ఒక్కటి తప్ప, ఆడినన్నాళ్ళూ పాతలెక్కనే ఆడినాం. ఆ పలక ఇప్పటికీ దుకాణంలో గల్లాపెట్టె మీద ఉంది, నాయన కూర్చున్న చోట నేను కూర్చుంటున్నా. అంకె పెంచమని భాయ్‌ను నేనెప్పుడూ అడగలేదు. ముద్ర కొట్టిన ప్రతిసారీ దాని వంక ఒకసారి చూసి, ప్యాడుకు మూత పెడతాను.