కల్లంలో ఆగిన పల్లకి

మా భజన సమాజం వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే స్వామి ఫొటో పెట్టే పని ఏళ్లుగా నాదే. ఎవరు తీసిన ఫొటో అయినా వెనకున్నవన్నీ చెరిపి, చుట్టూ పూలు అతికించి, కింద ఒక శ్లోకం రాసేవాణ్ణి. అదీ కైంకర్యమే అనుకున్నాను. తీసినవాళ్లను ఎప్పుడూ అడగలేదు.

మా ఊళ్లో ఊరేగింపు పల్లకి మిరప కల్లాల దగ్గర కాసేపు ఆగుతుంది. కాయలు ఏరే కూలీలు పని వదిలి గుడికి రాలేరు కనుక స్వామే వాళ్ల దగ్గరికి వెళతాడు. ఈసారి మా సమాజంలోని టీచరుగారు అక్కడ ఫొటో తీసి గ్రూపులో పంచారు. నేను అలవాటుగా కల్లాన్నీ, దణ్ణం పెడుతున్న ఆడవాళ్లనూ చెరిపేసి మర్నాడు పెట్టాను. అది చేతులు మారి ఊరంతా తిరిగింది.

సాయంత్రం టీచరుగారు ఫోన్ చేశారు.

"మీ బొమ్మే ఆ కూలీల ఫోన్లకీ చేరిందండీ. 'ఏం టీచరమ్మా, మేం సామికి అడ్డమొచ్చామా, తీసేశారూ?' అని ఒకావిడ నవ్వుతూనే అడిగింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. వాళ్ల కోసమే తీశానండీ అది. నన్నొక్క మాట అడగాల్సింది."

అన్ని ప్రాణుల్లోనూ ఆయనే ఉన్నాడని ముప్పై ఏళ్లుగా పారాయణ చేస్తున్నవాణ్ణి.

నా బొమ్మ తీసేసి, ఆవిడ ఫొటోను ఉన్నదున్నట్టు పెట్టి, క్షమించమని రాశాను. అయినా ఇవాళ నాకొచ్చిన శుభోదయాల్లో మూడు ఆ బొమ్మే. పంపిన ఒక్కొక్కరికీ అసలు ఫొటో పంపుతూ కూర్చున్నాను.