గోటికి దొరకని సందు

ములకలపల్లిలో భాయ్, నేను కలిసి ఫొటో ఫ్రేముల దుకాణం నడిపినన్నాళ్ళూ మాకు తెలిసిన కోత ఒక్కటే. పెళ్ళిజంటలైనా, దేవుళ్ళైనా, పోయినవాళ్ళైనా నాలుగు మూలలే కదా. పట్టీని నలభై ఐదు డిగ్రీల దగ్గర కోస్తే రెండు ముక్కలూ వచ్చి అతుక్కునేవి. నిద్రలో లేపి కొయ్యమన్నా అదే కోసేవాణ్ణి.

ఆ పొగరుతోనే గిటారు మూల పాడుచేశాను.

గిటారు భాయ్ కోరిక. చిన్నప్పుడు ఖమ్మంలో ఎవరి పెళ్ళిలోనో విన్నాడట. కొనుక్కోవచ్చు కదా అంటే, చెక్కపని చేసేవాడు కొనుక్కోవడమేంటని కోప్పడ్డాడు. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఫోన్‌లో వీడియోలు చూస్తూ, పాత టేకు తలుపు చెక్కతో చేశాం. అంచు చుట్టూ తెల్లచెక్క పట్టీ. మెడ పక్కన, తీగలు నొక్కే చెయ్యి కిందిదాకా అందడానికి గిటారు ఒంటిని లోపలికి కోసిన చోట, రెండు పట్టీలు మొనలా కలవాలి. అక్కడ నేను కొలవకుండానే నలభై ఐదు కోసేశాను. గోరు పట్టేంత సందు మిగిలింది.

భాయ్ తిట్టలేదు. అదే నాకు మంట.

"గిది ఫ్రేమ్ గాదు తమ్మీ. మూల ఎంతుందో చూసి, అండ్ల సగం కొయ్యాలె" అన్నాడు.

ఇంకో పట్టీ లేదు. రంపపు పొట్టును జిగురులో కలిపి, బొటనవేలితో ఆ సందు నింపాడు. ఆరాక గోరుతో గీసి చూసి నవ్వాడు. అతుకు సంగతి కంటికన్నా గోటికే బాగా తెలుస్తుందనేవాడు.

తర్వాత షుగర్ ఆయన కళ్ళను తినేసింది. ఖమ్మంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ గిటారు నా దగ్గరే ఉంచాడు. ఎదురుగా ఆయన స్టూలు ఖాళీ. ఫ్రేము మూల బాగా కుదిరితే అలవాటుకొద్దీ అటు చూపించబోయేవాణ్ణి. భాయ్ ఉంటే బాగుండును అని రోజుకు ఎన్నిసార్లు అనుకునేవాణ్ణో లెక్కలేదు.

ఒక్కసారైనా ఆయన చేత బాగుందనిపించుకోవాలని గిటారు మూల దగ్గరి పాత పట్టీలు ఊడదీశాను. సందులో ఎండిన జిగురంతా గీకేశాను. కొత్త పట్టీలు మూల దగ్గర ఒకదాని మీద ఒకటి పెట్టి, దాటుకున్న చోట గీత గీసి, కొంచెం పొడుగ్గానే కోసి, ఉలితో పొర పొరగా తగ్గించాను. ఒక్క మూలకు నాలుగు రోజులు. ఈసారి గోరు ఎటు గీసినా జారిపోయింది.

బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఖమ్మం వెళ్ళాను. భాయ్ మంచం మీద కూర్చుని గిటారును తడిమాడు. బొటనవేలు తిన్నగా ఆ మూలకే వెళ్ళింది. గోరుతో గీశాడు. మళ్ళీ గీశాడు. ఇంకోసారి, మెల్లగా.

"మస్తు కుదిరింది తమ్మీ. కొత్తది గూడ అదే సైజుల చేసినవ్" అన్నాడు. "మరి మనది ఏది? తేలేదా?"

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చింది. కానీ ఇదే అది అని చెబితే, ఆయన వేలితో నింపిన చోటును గీకి పారేశానని కూడా చెప్పాలి.

"ఇంట్లనే ఉంది భాయ్. మళ్ళొచ్చినప్పుడు తెస్త" అన్నాను.

సంతోషంగా తలూపాడు.

"దాని మూల ముట్టకు. అట్లనే ఉండనియ్" అన్నాడు.