అక్కకు నేను చెప్పిన జన్యువు

మా అక్క ఏ పెళ్లికి వెళ్లినా ముందు చూసేది పెళ్లికూతుర్ని కాదు, బాత్రూం ఎటువైపుందో. ఆమెకు పేగుపూత. పేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తం పోయే జబ్బు. అదేమిటో తేలేసరికే మూడేళ్లు పట్టింది. ఆలోపు బాపు గండిమైసమ్మకు మొక్కాడు, అక్క అత్తగారు మా ఇంటి కారాన్ని తిట్టింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను శామీర్‌పేట దగ్గర ఒక ల్యాబ్‌లో చేరాను. విదేశాల్లో రోగుల పేగుల నుంచీ, జబ్బు లేనివాళ్ల పేగుల నుంచీ చిన్న ముక్కలు తీసి, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచి, ఆ అంకెలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేవారు. వాటిని దించుకుని, జబ్బున్నవాళ్లలో ఒకలా, లేనివాళ్లలో మరోలా ఉన్న జన్యువులను కంప్యూటర్‌తో పట్టుకోవాలి. మేడ్చల్ నుంచి రోజూ బస్సులో వెళ్లి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరేవాణ్ని.

మచ్చబొల్లారంలో ఉండే అక్కకు ఈ సంగతి చెప్పాను. అప్పటికి ఆమెకు ఒక కూతురు. రెండో కాన్పు కోసం అత్తగారింట్లో తొందరపెడుతున్నారు.

“పిల్లలకొస్తదా, రాదా? గదొక్కటి జెప్పురా,” అంది.

నెలన్నరకు జాబితాలో ఒక జన్యువు అన్నిటికన్నా పైకి తేలింది. జబ్బున్నవాళ్లలో విపరీతంగా ఉంది, లేనివాళ్లలో దాదాపు సున్నా. ఆగలేకపోయాను. మా ల్యాబ్ పెద్ద అయిన మేడంకు చూపించకముందే అక్కకు ఫోన్ చేసి దొరికిందన్నాను. ఇక పిల్లలకు పరీక్ష చేసి చెప్పేయొచ్చని కూడా అన్నాను. ఆలు లేదు చూలు లేదన్న సామెత నాకోసమే పుట్టినట్టుంది. సాయంత్రానికల్లా అక్క ఆ కబురు బాపుకూ అత్తగారికీ చేరవేసింది.

మేడం జాబితా చూసి నవ్వలేదు. రోగుల్లో ఆడవాళ్లెంతమంది అని మాత్రం అడిగింది. నాకు తెలియదు. వయసు, ఆడా మగా అన్న గడులు ఎందుకులే అనుకుని మొదటి రోజే తీసేశాను. అసలు ఫైలు తెరిస్తే రోగులు దాదాపు అందరూ ఆడవాళ్లే, జబ్బు లేనివాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. నేను పట్టుకున్నది ఆడవాళ్ల కణాల్లో మాత్రమే పనిచేసే జన్యువు. జబ్బుతో దానికి సంబంధం లేదు. మేడం ఏమంటుందోనన్న దానికన్నా అక్కకెలా చెప్పాలన్నదే నా బెంగ.

ఆదివారం వెళ్లాను. అక్క మజ్జిగన్నం తింటోంది. పక్కనే అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని కూరగాయలు తరుగుతోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను.

“అంటే గంత పెద్ద కంప్యూటర్ల తేలింది నేను ఆడిదాన్నని,” అంది అక్క. “తప్పు ఆడిదాంట్లనే ఉంటదని అత్తమ్మ ఎప్పుడో చెప్పింది.”

అత్తగారు ఇంకో వంకాయ అందుకుంది. అక్క చెయ్యి కడుక్కొచ్చి మళ్లీ ఆ పాత ప్రశ్నే అడిగింది. తెలియదన్నాను.

“నీకు తెల్వదా, ఎవ్వలకు తెల్వదా?”

“వచ్చే అవకాశం ఉంటది. నీ పిల్లలకు వస్తదా అంటే మాత్రం ఎవ్వలకు తెల్వదక్కా.”

“మొదాలే గట్ల జెప్పకపోతివి. దొరికిందంటే నాల్గు రోజులు మస్తు సంబురపడ్డ.”

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

ల్యాబ్‌కు వెళ్లి, తీసేసిన గడులు తిరిగి పెట్టి, ఆడవాళ్లను ఆడవాళ్లతోనే పోల్చి పనంతా మళ్లీ చేశాను. మిగిలినవి కొన్నే, అవీ అప్పటికే వేరేవాళ్లు చెప్పినవి. మరుసటి ఏడాది అక్కకు రెండో కూతురు పుట్టింది. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. దానికి కడుపునొప్పి వచ్చినప్పుడల్లా అక్క ముందు నాకే ఫోన్ చేస్తుంది. ఆ పాత ప్రశ్న మాత్రం అడగదు. నొప్పి అంటోందని చెబుతుంది, అంతే. రక్తం పడుతోందా అని నేను అడుగుతాను.