దారం రెండో కొస

మా ఉస్తాద్ చనిపోయారు. మొన్న బుధవారం పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేసి, "మా అబ్బా పోయిండక్కా" అన్నాడు. సరే అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. ఆయన్ను మోసుకెళ్లే జనాజా లేచేటప్పుడు మిగతా ఆడవాళ్లతో పాటు గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు.

మెదక్ బస్టాండ్ వెనక సందులో ఆయనది బోర్డులు రాసే దుకాణం. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క, అక్షరాలు నేర్పమని వెళ్లాను. ఆడపిల్లవు నిచ్చెనెక్కుతావా అని అడగలేదు. కుంచె ఇచ్చి, నెల రోజులు 'క' ఒక్కటే రాయించారు. తలకట్టు వంకర పోతే తడిగుడ్డతో తుడిచేసేవారు, తిట్టేవారు కాదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద డిజైన్లు చేస్తాను. ఏ పని ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి అన్నది మాత్రం ఆ దుకాణంలోనే నేర్చుకున్నాను. ఎవరొచ్చినా ఆయన ముందు ఒకటే అడిగేవారు: "ఇది ఎవరు చదువుతరు?" జవాబు సరిగ్గా రాకపోతే, చేతినిండా పని ఉందని మర్యాదగా తప్పించుకునేవారు. ఖాళీగా కూర్చుని ఉన్నా సరే.

పని ఒప్పుకున్నాకే దారం కొట్టేవారు. నీలిమందు అద్దిన దారాన్ని ఇద్దరం చెరో కొస పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద నీలం గీత పడుతుంది. అక్షరాలు దాని మీద నిలబడతాయి. ఒకసారి ఒక ఫంక్షన్ హాల్ యజమాని గోడంతా తన పేరు రాయమన్నాడు. ఎవరు చదువుతారంటే, అందరూ అన్నాడు. ఉస్తాద్ చూద్దామన్నారు. ఆ 'చూద్దాం' అంటే వద్దని నాకప్పటికి తెలియదు. మర్నాడు ఆయన వచ్చేలోపే వాచ్‌మన్‌ను రెండో కొస పట్టుకోమని, గోడ పొడుగునా దారం కొట్టేశాను. మెప్పు కోసం, ఇంకెందుకు!

ఆయన వచ్చి గీతను చూశారు. "దారం కొట్టినవ్. ఇగ పని మనదే," అని నిచ్చెన వేశారు. మూడు రోజులు ఎండలో ఆ పేరును ఏ వంకా లేకుండా రాశారు. దిగాక ఒక్క మాటే అన్నారు: "అందరు అంటే ఎవ్వరు కాదు బేటా." సిగ్గుతో చచ్చిపోయాను.

ఏమీ అడగకుండా ఆయన ఒప్పుకునే పని ఒక్కటే ఉండేది, ఏడుపాయల జాతరలో పెట్టే రేకు బోర్డు. మీలో జాతరకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు: 'తప్పిపోయిన పిల్లలు ఇక్కడ ఉన్నారు.' దాని గురించి, "ఏడ్సుకుంట చదువుతరు. కండ్లల్ల నీళ్లున్నా కనబడాలె," అనేవారు. చేయి వణకడం మొదలయ్యాక దాన్ని మళ్లీ దిద్దలేదు. నన్ను దిద్దమనలేదు, నేనూ అడగలేదు.

శుక్రవారం నాడు, జాతర పనులు చూసే పెద్దాయన ఆ బోర్డును మా ఇంటికి తెచ్చి, రంగు పెచ్చులు లేచిందమ్మా, కొత్తగా రాసియ్యి అన్నారు. అంటే ఉస్తాద్ చేతిరాతను గీకి పారేయాలి. నావల్ల కాదని చెప్పబోయి, చూద్దాం అన్నాను. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకుని బోర్డు వదిలి వెళ్లిపోయారు.

రెండు రోజులు దాన్ని గోడకానించి చూస్తూ కూర్చున్నాను. 'పిల్లలు' అన్న మాటలో సగం రాలిపోయింది. నేను చదవగలుగుతున్నాను, అక్కడేముందో ముందే తెలుసు కాబట్టి. బిడ్డను వెతుక్కుంటూ వచ్చే తల్లికి తెలియదు. చదవాల్సింది ఆమె, నేను కాదు.

నిన్న గీకాను. తెల్ల రంగు వేశాను. ఆరాక, ఎప్పుడో ఉస్తాద్ ఇచ్చిన దారానికి నీలిమందు అద్ది, ఒక కొస పట్టుకుని, అలవాటుగా రెండోది ఆయనుండే వైపుకు చాచాను. చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత బోర్డు పక్కన గోడకు మేకు కొట్టి, ఆ కొసను దానికి కట్టి, దారం లాగి వదిలాను.